చాతకపు ఆకలి

చాతకమనగానే మనకు దప్పిక స్ఫురించును. నేలమీది నీటిని ముట్టక, మేఘమువైపు చంచువు చాచి తొలకరి చినుకుకై నిరీక్షించు పక్షిగా కావ్యములు దానిని మన మనస్సులలో ప్రతిష్ఠించినవి. పక్షిశాస్త్రజ్ఞులు చెప్పు మాట వేరు. తక్కిన పక్షులు పెక్కు నోట బెట్టుటకు జంకు నూగు గొంగళి పురుగులు దానికి ప్రీతికరమైన ఆహారము. వాన పడనిదే ఆకు లేదు, ఆకు లేనిదే పురుగు లేదు, పురుగు లేనిదే చాతకమునకు గ్రాసము లేదు. కవులు దాహమని తలచినది నిజమునకు ఆకలి. అనంతపురము మెట్టలో వేరుసెనగ సేద్యమునకు దిగి, పండ్రెండేండ్లు లెక్క వ్రాసినగాని ఈ సంగతి నా బుద్ధికి ఎక్కలేదు.

లెక్క యనగా జమాఖర్చుల లెక్క కాదు. మా తాతగారు పశువుల కొట్టపు గోడమీద బొగ్గుతో కార్తెకొక గీత గీచి, పదును పడినప్పుడు దాని ప్రక్కన చుక్క పెట్టెడివారు. సూర్యుడు ఒక నక్షత్రమున నిలుచు పదుమూడు, పదునాలుగు దినములే కార్తె. తిథులవలె అది ముందువెనుకలు గాదు గనుక మృగశిర ఏటేట జూన్ 7, 8 తేదీలకే ప్రవేశించును. వాన ఆ తేదీని మన్నించవలయునన్న నియమము లేదు. కార్తెకును వానకును నడుమ ఎడమెంతయో చూపినదే ఆ గోడ. అది కూలిన పిమ్మట నేనొక నోటుపుస్తకము తెచ్చి, ప్రతి కార్తెకు మూడు గడులు గీచి, వాన, పురుగు, పిట్ట అని పేర్లు పెట్టితిని. “ఏం సారూ, పురుగులకు గూడా హాజరు ఏస్తాండారే!” అని మా సేద్యగాడు నవ్వెను. ఏడాది తిరుగకముందే, నేను ఊరిలో లేని దినముల హాజరు అతడే చెప్పసాగెను.

ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతుకు ఈ ఎఱ్ఱనేలలో ఎఱ్ఱ గొంగళి పురుగు కోశదశలో తొమ్మిది పది మాసములు మట్టిలో నిద్రించును. మంచి వాన కురిసి తడి దానిదాకా దిగిన కొలది దినములకు, చీకటి పడగానే రెక్కల పురుగులు వెలువడి ఆకుల అడుగున వందల కొలది గ్రుడ్లు పెట్టును. ఆ పదునుకే రైతు గొర్రు కట్టి విత్తును. ఇట్లు మొలకయు, దానిని మేయు నోరును ఒకే వానకు మేల్కొనుచున్నవి. ఊరివారందఱు ఒకే రాత్రి గట్లపై మంటలు వేసినచో రెక్కల పురుగులు వానిలో బడి మాడును. పిల్లపురుగులు దండుగట్టి చేనినుండి చేనికి సాగునప్పుడు గట్టువెంట చాలు త్రవ్వి, జిల్లేడు కొమ్మలు పరచి, వానిపై మూగినవానిని ఏరి చంపుదురు. వేసవి దుక్కి చేసిన చేలలో కోశములు పైకి తేలి, కొన్ని ఎండకును కొన్ని కాకులకు, గోరింకలకును బలియగును. ఎద్దుల వెనుక నడచు గోరింక, కూలి అడుగని కూలీ.

నా పుస్తకమున మూడవ గడి ఎల్లప్పుడు రెండవదానికంటె ఆలస్యముగా నిండును. పురుగు ఈ కార్తెలో కనబడినచో దానిని తిను పిట్టయు, సాలీడును, అక్షింతల పురుగును వచ్చు కార్తెకుగాని పెచ్చు కావు. తిండి పెరిగిన పిమ్మటనే గదా తినువారు పెరుగుట! ఈ యెడమును సాగదీయుటయో కుదించుటయో వాతావరణము పని. వాన వెనుకంజ వేసినచో ఆకుముడత, తామర పురుగు విజృంభించును. గట్టివాన పడినచో అణగును. 2000 ఖరీఫులో ముందుగా పడిన వానలకు వయ్యారిభామ కలుపు ఏపుగా పెరుగుటయు, పిదప వచ్చిన బెట్టకు తామర పురుగులు ప్రబలుటయు, ఆ కలుపు పుప్పొడిలోని వైరస్ వానిద్వారా వేరుసెనగకు సోకి కాండము కుళ్ళుటయు ఈ జిల్లా రైతు మఱువలేదు. చేనిచుట్టు జొన్నయో సజ్జయో నాలుగు సాళ్ళు అడ్డుగా వేయు వాడుక అప్పటినుండి బలపడినది.

ఒక యేడు నేను ఓర్పు తప్పితిని. పునర్వసులో గొంగళి పిల్లలు ఆకులను జల్లెడ చేయుచుండగా చూడలేక, ఘాటైన మందు తెచ్చి చేనంతయు చల్లించితిని. వారము దినములకు రెండవ గడి సున్న. మూడవ గడియు సున్న. ఆశ్లేషలో బెట్ట పట్టగానే ఆకుముడత వచ్చినది. దానిని తినవలసిన సాలీళ్ళు అంతకుముందే నా చేతిలో చచ్చినవి. ఇటలీ గణితశాస్త్రజ్ఞుడు వీటో వోల్టెరా వ్రాసినదానిని అటుపిమ్మట చదివితిని. మొదటి ప్రపంచయుద్ధ కాలమున వేట తగ్గిన ఏడ్రియాటిక్ సముద్రములో, చేపలను తిను చేపల పాలు ఏల పెరిగినదని అల్లుడైన జీవశాస్త్రజ్ఞుడు అడుగగా, ఆయన 1926లో సమీకరణములతో సమాధానము చెప్పెను: భక్షకమును, భక్ష్యమును ఏకరీతిగా చంపుచు పోయినచో సగటున నష్టపోవునది భక్షకమే, భక్ష్యము లాభించును. వలకు చెల్లిన ఆ సూత్రము నా మందుకును చెల్లినది.

ఇప్పుడు ఎడములే మాఱుచున్నవి. నెదర్లాండ్సులో వసంతము ముందుగా వేడెక్కుటచే గొంగళి పురుగులు ముందే పుట్టి ముందే ముగియగా, పశ్చిమ ఆఫ్రికానుండి వచ్చు ఒక చిన్నపిట్ట పిల్లలకు మేత దొఱకక, పురుగు మిక్కిలి ముందుగా వచ్చిన అడవులలో దాని సంతతి బాగుగా క్షీణించినదని 2006లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మన చేలలో అట్టి లెక్క వ్రాయవలసినవారు మనమే. వానను పిలుచుట రైతు వశము గాదు. పురుగునకును పిట్టకును నడుమనున్న ఆ కొలది దినములు చేయి బిగబట్టుట అతని వశమున నున్నది, సేద్యమున అంతకంటె కష్టమైన విద్య నాకు కనబడలేదు.

మొన్న పాత పుస్తకములు తిరుగవేసితిని. ఏటేట ఆరుద్ర, పునర్వసు, పుష్యమి కార్తెలలో ఎక్కడనో ఒకచోట “చాతకము” అని వ్రాసియున్నది. మందు చల్లించిన యేటి పుస్తకములో ఆ మాట లేదు.