విరాటపర్వమున శరణమును బంధుత్వమును

కాందిశీకుఁడను శబ్దము “ఏ దిక్కునకుఁ బోవుదును?” అను ప్రశ్నమునుండి పుట్టినదని నిఘంటువ్యాఖ్యాతలు చెప్పుదురు. భయముచేఁ బరుగెత్తువాఁడని యమరసింహుఁ డర్థము చెప్పెను. 1941వ సంవత్సరాంతమున రంగూనుపై బాంబులు పడిన పిదప నిల్లువాకిళ్లు విడిచి తరలివచ్చిన తెలుగువారిని బర్మా కాందిశీకులనుట వాడుక యయ్యెను. శరణశబ్దమునకు గృహమనియు రక్షకుఁడనియు రెండర్థము లమరమున నున్నవి. కాందిశీకుఁ డడుగు ప్రశ్నమునకు శరణశబ్ద మొక్కటియే చాలిన యుత్తరము. ఇల్లును, ఇంటివాఁడును నందే యున్నారు. అయిన నిల్లు దొరకిన మాత్రమున నింటివాఁడు చుట్టమగునా? ఆశ్రయ మిచ్చినవానికిని బొందినవానికిని బంధుత్వ మెప్పుడు సిద్ధించును? భారతమున నీ విషయమును విరాటపర్వ మంత నిశితముగా విచారించిన భాగము మఱియొకటి లేదు.

విరాటపర్వమును బఠించువారు సామాన్యముగాఁ గీచకవధమునందును, ఉత్తరగోగ్రహణమునందును మనసు నిలుపుదురు. మాఱువేషముల చమత్కారము, ద్రౌపది దుఃఖము, అర్జునుని యొంటరిపోరు, ఇవియే పాఠశాలలందు వ్యాఖ్యానింపఁబడుచుండును. వీని నడుమ విరాటుఁడు మఱఁదికి జంకు ముదుసలి రాజుగను, కొడుకును బొగడుకొని నవ్వులపాలగు తండ్రిగను మాత్రమే కానవచ్చును. ఈ దృష్టి యసత్యము కాదు, అసంపూర్ణము. విరాటునకును గంకునకును నడుమఁ బెరిగిన సఖ్యమును మొదటినుండి వరుసగాఁ జూచినచోఁ బర్వమునకు వేఱొక యన్వయము గోచరించును.

పర్వారంభమే దిక్కును గూర్చిన విచారము. పండ్రెండేండ్ల వనవాసము ముగిసినది. పదుమూఁడవ యేఁడు పరు లెఱుఁగకుండ గడపవలెను. అర్జునుఁడు కురుదేశముచుట్టును గల దేశములను బేర్కొనఁగా ధర్మరాజు మత్స్యదేశమును గోరుకొనెను. విరాటుఁడు ధర్మశీలుఁడు, వదాన్యుఁడు, వృద్ధుఁడు అనునవి యాతఁడు చెప్పిన హేతువులు. పిదప ధౌమ్యుఁడు రాజుల కొలువున మెలఁగు విధము నుపదేశించెను. రాజునకుఁ దాను బ్రియుఁడనని తలఁచి యాతని వాహనమును, పర్యంకమును, ఆసనమును నెక్కరాదనుట యం దొకటి. మేర మీఱినచోఁ గొడుకునైనను, తమ్మునినైనను రాజు లాదరింపరనుట మఱియొకటి. ఈ రెండు మాటలును బర్వాంతమువఱకు జ్ఞాపకముంచుకొనఁదగినవి.

కంకుఁడై వచ్చిన ధర్మరాజు తాను సర్వస్వమును గోలుపోయి జీవనార్థియై వచ్చిన బ్రాహ్మణుఁడననియు, పూర్వము యుధిష్ఠిరునకు సఖుఁడననియుఁ జెప్పెను. విరాటుఁ డాతనిని దనకు సఖుఁడవగుదువని పలికి, తనతో సమానమైన వాహనమును, సమృద్ధములగు నన్నవస్త్రములను, లోపలను వెలుపలను సర్వమును విచారించు నధికారమును నిచ్చి, తన వాకిలి యెల్లప్పుడును దెఱచియుండునని చెప్పెను. ధౌమ్యుఁడు వలదన్న వాహనమును రాజు తానై యొసఁగెను! సఖిశబ్దమునకు వైయాకరణులు సమానశబ్దము పూర్వమందుఁ గల ఖ్యాధాతువునుండి వ్యుత్పత్తి చెప్పుదురు. సమానుఁడుగాఁ జెప్పఁబడువాఁడని తాత్పర్యము. సంస్కృతమూలమున సమానయానమును, సఖిశబ్దమును నొక్క పాదముననే కూర్పఁబడియున్నవి. విరాటుని యౌదార్యము శంకింపరానిది. ఎదుట నున్నవాఁడు చక్రవర్తియని యాతఁ డెఱుఁగఁడు. సర్వమును బోఁగొట్టుకొన్నవాని కిచ్చినది గావున నా యీవికి విలువ హెచ్చు.

అయిన నిచ్చిన మాట నిలుచుట వేఱు. కీచకుఁడు నిండుకొలువున సైరంధ్రిని దన్నినప్పు డా మాట మొదటిసారి తొట్రుపడెను. ఆమె రాజును ధర్మ మడిగెను. తన కన్నుల యెదుట జరుగని కలహము తా నెఱుఁగననియు, తత్త్వము దెలియక తీర్పు చెప్పుట యెట్లనియు నాతఁ డుత్తర మిచ్చెను. తన్ను మాత్ర మాతని కన్నుల యెదుటనే పడినది! ఉపకీచకులు మడిసిన పిదప గంధర్వభయముచే నా యమ్మను వెడలిపొమ్మని సుదేష్ణచేఁ జెప్పించెను. ఆమె పదుమూఁడు దినములు గడువు వేఁడుకొనవలసి వచ్చెను. శరణశబ్దమునకు గల రెండర్థములలో గృహ మింకను నిలిచియున్నది, రక్షకుఁడు తొలఁగిపోయెను. ఆశ్రితుని బ్రదుకున నిదియే కఠినమగు ఘట్టము. అన్నము పెట్టిన చేయి యన్యాయము నడ్డుకొననప్పు డా యన్నమునకుఁ గృతజ్ఞుఁడై యుండుట యెట్లు?

ఈ ప్రశ్నమునకు ధర్మరాజిచ్చిన సమాధానము దక్షిణగోగ్రహణమునఁ గలదు. త్రిగర్తరాజగు సుశర్మ విరాటునిఁ బట్టి రథముపైఁ గొనిపోవుచుండఁగా ధర్మరాజు భీమునిఁ బిలిచి, యీతని యింట సర్వకామములచేఁ బూజితులమై సుఖముగా వసించితిమి గావున నా వాసమునకు నిష్కృతి చేయవలయునని చెప్పెను. నిష్కృతి యను శబ్దము ఋణవిమోచనమునందును, బ్రాయశ్చిత్తమునందును బ్రయుక్తమగుచుండును. కీచకుని దుండగము నాఁటి కొఱఁత నాతఁడు మఱచెనని తలఁపరాదు. ఒకరి లోపము నెత్తిచూపి తన ఋణము నెగఁబెట్టుట ధర్మము గాదని మాత్ర మాతని నిశ్చయము. ఆశ్రితుఁడు రక్షకుఁడయ్యెను, ఆశ్రయదాత శరణాగతునివలె విడిపింపఁబడెను. సఖ్యమునకు వలసిన సమానత్వ మాదినమునఁగాని సిద్ధింపలేదు.

విడిపింపఁబడిన విరాటుఁడు తన రత్నములు తనకెట్లో వారికి నట్లేయని చెప్పి, కంకుని మత్స్యరాజ్యమునకుఁ బట్టాభిషిక్తునిఁ జేయుదుననెను. ఆ మాట పలికి యింటికి వచ్చినవాఁడే పాచికల యొద్ద నాతని ముఖముపైఁ గొట్టెను. కారణ మల్పము. ఉత్తరుఁడు కౌరవులను గెలిచెనని తండ్రి యుప్పొంగుచుండ, బృహన్నల సారథియై యుండఁగా జయము వింతగాదని కంకుఁడు మరలమరలఁ జెప్పెను. ముక్కునుండి కాఱిన నెత్తురు నేలఁ బడకుండ నాతఁడు దోసిట నొడిసిపట్టెను. ద్రౌపది బంగరుపాత్ర దెచ్చి పట్టెను. అన్న నెత్తురు చూచినచో నర్జునుఁడు రాజును బ్రదుకనీయఁడని యెఱిఁగి, యుత్తరునొక్కనినే లోనికి రప్పింపుమని ధర్మరాజు ద్వారపాలునితో రహస్యముగాఁ జెప్పెను. కొట్టినవాని ప్రాణమును గొట్టువడినవాఁడు కాపాడిన ఘట్టమిది.

కొడుకు చెప్పఁగా విరాటుఁడు కంకుని క్షమాపణము వేఁడుకొనెను. అదివఱకే క్షమించితినని యాతఁడనెను. విమర్శకులు నిలిచి చూడవలసిన తావిది. కంకుఁడు ధర్మరాజని యప్పటికి విరాటునకుఁ దెలియదు. జూదము నేర్చిన యొక పరదేశి బ్రాహ్మణుని యెదుట మత్స్యరాజు తన తప్పును దానొప్పుకొనెను. పాండవులని తెలిసినపిదప వారిని గౌరవించుటలో భయముండవచ్చును, లాభాపేక్ష యుండవచ్చును. పేరు తెలియకముందు వేఁడుకొన్న క్షమాపణమున కట్టి శంక తగులదు. పెండ్లి పిదప జరిగినను బంధుత్వమునకుఁ బునాది యిక్కడనే పడినది.

మూఁడవనాఁడు పాండవులు స్నాతులై యలంకృతులై సభలో రాజాసనములపైఁ గూర్చుండిరి. విరాటుఁడు వచ్చి, జూదరిగాఁ బెట్టుకొన్నవాఁడు సింహాసన మెక్కుట యేమని కోపించెను. వాహనమును దానై యిచ్చినవాఁడు, రాజ్యమునే యిచ్చెదనన్నవాఁడు, ఆసనముకడ నాఁగిపోయెను. ధౌమ్యుని మాట యెంతటి యనుభవమునఁ బుట్టినదో యిచటఁ దెలియును. ఇచ్చుట యొకటి, ఇచ్చినదానిని బుచ్చుకొన్నవాఁడు తన సరసఁ గూర్చుండఁగా సహించుట మఱియొకటి. ఇంద్రుని యర్ధాసనమునకైన నీతఁ డర్హుఁడని యర్జునుఁడు చెప్పి యన్నను, తమ్ములను, ద్రౌపదిని నెఱిఁగించెను.

విరాటుఁ డుత్తర నర్జునున కిచ్చెదననఁగా నాతఁ డామెను గోడలిగాఁ గైకొనెను. ఏఁడాదికాల మంతఃపురమునఁ గలసి వసింపఁగా నామె తన్నుఁ దండ్రివలె నమ్మినదనియు, ఆచార్యునిగా భావించినదనియు, లోకము శంకింపకుండుటకుఁ గోడఁటికమే తగినదనియు నాతఁడు చెప్పిన హేతువులు. మాఱుపేరు పెట్టుకొని వచ్చినవాఁడు వేషము విడిచినపిదపఁ గూడ నా వేషమునఁ బొందిన నమ్మకమును నిలుపుకొనెను. పేరు బొంకు, నమ్మకము నిజము. అజ్ఞాతవాస మంతయు వంచనమే గదా, అందుఁ బుట్టిన సఖ్యమునకుఁ బ్రామాణ్య మెక్కడిదని యాక్షేపించువారి కిదియే సమాధానము.

ఆంధ్రభారతమున విరాటపర్వముతోనే తిక్కన తన పని నారంభించి, యైదాశ్వాసములుగా దానిని సంతరించెను. మనుమసిద్ధి రాజ్యమును గోలుపోఁగాఁ దిక్కన యోరుగల్లున కేఁగి గణపతిదేవుని సాయమును గోరెనని సిద్ధేశ్వరచరిత్రము చెప్పుచున్నది. ఆ యనుభవమే యీ పర్వరచనకుఁ గారణమనుట సాహసము. కాని నిర్వచనోత్తరరామాయణమున రాజు కవిని మామయని సంబోధించిన సంగతి సర్వవిదితము. వరుసపెట్టి పిలుచుట తెలుగునాఁట నెత్తుటిచుట్టఱికమునకే చెల్లునది గాదు. కలసి కష్టము గడపిన వారికిని జెల్లును. అట్టి దేశమున విరాటపర్వ మింతటి యాదరమును బొందుట సహజము.

కథ పెండ్లితో ముగిసినను ఫల మటుపైఁ గలదు. భారతయుద్ధపు మొదటినాఁడే యుత్తరుఁడు శల్యునిచేతఁ బడెను. విరాటుఁడు ద్రోణునిచేతఁ గూలెను. అభిమన్యుఁడును మడిసెను. ద్రౌపది కొడుకు లైదుగురును నిద్రలోఁ జంపఁబడిరి. తుదకుఁ గురువంశమును నిలిపినవాఁ డుత్తర గర్భమునఁ బుట్టిన పరీక్షితుఁడు. దిక్కు లేక వచ్చిన యాఱుగురకు విరాటుఁ డొక యేఁడు తలదాఁచుకొన నిల్లిచ్చెను. ఆ యింటి యాఁడుబిడ్డ వారి వంశమునకే యిల్లయ్యెను. బంధుశబ్దము బంధధాతువునుండి పుట్టినది; కట్టునది యని యర్థము. విరాటుని సఖ్యము దానముతో మొదలై, లోపముచేఁ దెగఁబోయి, నిష్కృతిచేతను క్షమచేతను ముడివడినది. తెగఁబోయి ముడివడిన త్రాడే బిగువుగా నిలుచునని యీ పర్వము చెప్పక చెప్పుచున్నది.