మార్కుల పట్టికతో మనస్సును తూచగలమా?

ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన ఒక కేసులో 2025 జూలై 25న తీర్పు చెప్తూ, సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలకు కొన్ని ఆదేశాలు జారీచేసింది. వాటిలో ఒకటి, విద్యార్థుల ఆత్మహత్యలను నివారించడానికై బోధన, బోధనేతర సిబ్బందికి సంవత్సరానికి కనీసం రెండుసార్లు మానసికారోగ్య నిపుణులచేత శిక్షణ ఇప్పించవలెనన్నది. మంచి ఆదేశమే. అయితే శిక్షణ అనే మాట సంచివంటిది. ఏమి వేసినా పడుతుంది. మనకు నేర్పడానికి వచ్చే వైద్యులు, నర్సులు, సలహాదారులు తాము ఏమి నేర్చుకొని వస్తున్నారో విచారించడం అవసరం.

సమస్య చిన్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో సుమారు 7,27,000 మంది ఆత్మహత్యవలన మరణించారు. 15 నుంచి 29 సంవత్సరాల వయస్సువారి మరణకారణాలలో ఇది మూడవది. మన దేశంలో 2022లో ఈ విధంగా మరణించినట్లు ప్రభుత్వ లెక్కలకెక్కిన విద్యార్థులు 13,044 మంది. లక్ష జనాభాకు ఒక మానసిక వైద్యుడైనా లేనిచోట, ఈ బాధ్యత ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని డాక్టరుమీద, నర్సుమీద, అత్యవసర విభాగంలో రాత్రి డ్యూటీ చేసే హౌస్‌సర్జన్‌మీద పడక తప్పదు.

ఇటువంటివారికి అనేక దేశాలలో చాలాకాలంగా నేర్పుతూ వచ్చిన పద్ధతి ఒకటున్నది. ఒక ప్రశ్నల పట్టిక చేతికిస్తారు. ఒక్కొక్క జవాబుకు ఇన్ని మార్కులని ఉంటుంది. కూడగా వచ్చిన మొత్తాన్నిబట్టి ఎదుట కూర్చున్న పిల్లవానిని "తక్కువ అపాయం", "మధ్యమం", "ఎక్కువ అపాయం" అనే మూడు గదులలో ఒకదానిలో వేస్తారు. చూపులకిది ఎంతో శాస్త్రీయంగా ఉంటుంది. నా ఆక్షేపణ దీనిమీదనే.

తొమ్మిదవ తరగతి విద్యార్థి కూడా చేయగల లెక్క ఒకటి చేసి చూద్దాం. సంఖ్యలు కేవలం ఊహించుకున్నవి. 10,000 మంది యువకులలో 10 మందికి నిజంగా ప్రాణాపాయం రానున్నదనుకొందాం. మన పట్టిక చాలా గొప్పదనీ, ఆ 10 మందిలో 8 మందిని పట్టుకొంటుందనీ, అపాయంలేని ప్రతి 100 మందిలో 90 మందిని సరిగా గుర్తిస్తుందనీ అనుకొందాం. అపాయంలేనివారు 9,990 మంది. వారిలో పదవవంతు, అనగా 999 మంది, పొరపాటున "ఎక్కువ అపాయం" గదిలో పడతారు. ఆ గదిలో మొత్తం 1,007 మంది చేరగా, వారిలో నిజంగా అపాయమున్నవారు 8 మంది, అంటే నూటికి ఒక్కరైనా కారు. ఇక మిగిలిన ఇద్దరో? "నీకేమీ భయం లేదు" అనిపించుకొని ఇంటికి వెళ్ళిపోతారు. లోపం ప్రశ్నలలో కాదు. అరుదైన సంఘటనను వ్యక్తివారీగా ముందే చెప్పబూనడంలోనే ఉన్నది. పట్టికను ఎంత సానపట్టినా ఈ చిక్కు వదలదు.

ఇంగ్లండులో వైద్య మార్గదర్శక సూత్రాలను రూపొందించే నైస్ అనే సంస్థ 2022 సెప్టెంబరులో ఈ సంగతి నిర్మొహమాటంగా చెప్పింది. తమకు తాము హాని చేసుకొన్నవారి విషయంలో, మున్ముందు ఏమి జరుగుతుందో చెప్పడానికిగాని, ఎవరికి చికిత్స ఇవ్వవలెనో, ఎవరిని ఇంటికి పంపవలెనో నిర్ణయించడానికిగాని ఈ మార్కుల పట్టికలను వాడరాదన్నది. మూడు గదుల విభజన కూడా వద్దన్నది. దానికి బదులు ఆ వ్యక్తి అవసరాలేమిటి, అతనిని క్షేమంగా ఉంచడమెట్లా అని విచారించమన్నది. ఐనప్పటికీ పట్టిక అంత సులభంగా పోదు. కాగితం నింపినవారికి అది ధైర్యమిస్తుంది. రేపు ఎవరైనా నిలదీస్తే చూపడానికి పనికివస్తుంది. ఆ ధైర్యం వైద్యునికే గాని రోగికి కాదు.

మరి ఏమి నేర్పవలె? మొదట, అడగడం. చనిపోవాలనే తలంపు వస్తున్నదా అని పిల్లలను సూటిగా అడిగితే, లేని తలంపును మనమే కల్పించినవారమవుతామని చదువుకొన్నవారుకూడా భయపడతారు. ఈ భయాన్ని న్యూయార్కు రాష్ట్రంలో ఆరు ఉన్నత పాఠశాలలకు చెందిన 2,342 మంది విద్యార్థులపై పరీక్షించి చూశారు. 2005లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఆ ప్రశ్నలు అడిగినవారిలో అడగనివారికంటె వేదనగాని, అటువంటి తలంపులుగాని హెచ్చలేదు. "బ్రతకాలని లేదనిపిస్తున్నదా, నాయనా?" అని తొట్రుపడకుండా అడిగి, జవాబు వచ్చేదాకా మౌనంగా ఉండగలగడం పుస్తకం చదివితే అబ్బదు. ఒకరు రోగిగా, ఒకరు వైద్యునిగా నటించి, పదిసార్లు అభ్యాసం చేయవలసిన విద్య అది.

తరువాతది, క్షేమప్రణాళిక. దుర్భరమైన ఘడియ వచ్చే ముందు కనిపించే గుర్తులేమిటి, అప్పుడు మనస్సు మళ్ళించుకొనే మార్గమేమిటి, ఎవరికి ఫోను చేయవలె, ఇంటిలో ప్రమాదకరమైన వస్తువులు అందకుండా ఎవరు చూస్తారు అనే విషయాలను రోగితో కలిసి, అతని మాటలలోనే వ్రాసిపెట్టుకోవడం. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల అత్యవసర విభాగాలలో ఇటువంటి ప్రణాళిక వ్రాయించి, తరువాత ఫోనుద్వారా వాకబు చేశారు. ఆరు నెలలలో ఆత్మహత్యా ప్రయత్నాది చర్యలకు లోనైనవారు మామూలు చికిత్స పొందినవారిలో నూటికి 5.29 మంది కాగా, వీరిలో 3.03 మంది. ఇది 2018లో వెలువడిన ఫలితం. వారు పెద్దలు, సైనికులు. పైగా ఎవరికి ఏ చికిత్స అన్నది చీట్లు వేసి నిర్ణయించలేదు. కనుక మన పిల్లలకు ఇదే అంకె వర్తిస్తుందనరాదు. కాని వారంరోజుల తరువాత ఫోను చేసి "ఎట్లా ఉన్నావు?" అని అడిగే పనికి పెద్ద ఖర్చేమీ లేదు.

శిక్షణ ఎంతకాలం నిలుస్తుందన్నది మరొక ప్రశ్న. బాల్టిక్ సముద్రంలో స్వీడనుకు చెందిన గాట్లండ్ ద్వీపంలో 1983-84లో అక్కడి సాధారణ వైద్యులకు దాదాపు అందరికీ, మనోవ్యాకులతను గుర్తించి చికిత్సచేయడంలో శిక్షణ ఇచ్చారు. ఆత్మహత్యలు తగ్గాయి. 1988 నాటికి తిరిగి ఇంచుమించు వెనుకటి స్థాయికి వచ్చాయి. ఈలోగా శిక్షణ పొందిన వైద్యులు అనేకులు ద్వీపం విడిచిపోయారు. ద్వీపం చిన్నది, అంకెలు కూడా చిన్నవే. కనుక వాటిమీద మేడలు కట్టరాదు. అయినా రెండు సంగతులు గమనింపదగినవి. తగ్గుదల ముఖ్యంగా స్త్రీలలోనే కనబడింది, వైద్యుని గడప తొక్కని పురుషులకు ఆ శిక్షణ అందలేదు. రెండవది, డాక్టర్ల బదిలీలు మనకేమీ తక్కువ కాదు.

ఉపాధ్యాయులు తెలుసుకోవలసిన పరిశోధన ఇంకొకటి. ఐరోపాలో పది దేశాలకు చెందిన 168 పాఠశాలలలో 11,110 మంది విద్యార్థులతో మూడు పద్ధతులను పోల్చి చూశారు. ఒకచోట ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఒకచోట నిపుణులు ప్రశ్నావళులతో పిల్లలను జల్లెడపట్టారు. మూడవచోట పిల్లలచేతనే చిన్న నాటికల రూపంలో తమ కష్టాలను, వాటికి పరిష్కారాలను చర్చింపజేశారు. సంవత్సరం తరువాత ఆత్మహత్యా ప్రయత్నాలను స్పష్టంగా తగ్గించింది మూడవదే. ఏ ప్రత్యేక పద్ధతీ లేని తరగతులలో నూటికి 1.51 ఉండగా ఇక్కడ 0.70. మొదటి రెండింటిలో గట్టి తేడా కనబడలేదు. ఇది 2015లో ప్రకటితమైంది. దీన్నిబట్టి ఉపాధ్యాయుల శిక్షణ వృథా అనడం నా ఉద్దేశం కాదు. పిల్లలతో ఒక్క గంటైనా గడపకుండా పెద్దలకు మాత్రమే తరగతులు పెట్టి ఆదేశం పాటించామనుకుంటే చాలదు. సంవత్సరానికి రెండు శిక్షణలు జరిపే పాఠశాల, వచ్చిన నిపుణుని ముందుగా అడగవలసిన ప్రశ్న కూడా ఇదే: "మా పిల్లలతో మీరు ఏమి చేయిస్తారు?"

ఈలోగా, శిక్షణ పొందినా పొందకపోయినా, ప్రతి ఉపాధ్యాయుడూ, ప్రతి విద్యార్థీ గుర్తుంచుకోదగిన అంకె 14416. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి-మానస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రపు ఫోను నంబరు అది. రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ నంబరును తరగతి గది గోడమీద పెద్ద అక్షరాలతో వ్రాయించి ఉంచడానికి ఏ ఉత్తర్వుకోసమూ కాచుకోనక్కరలేదు.