చూచి వ్రాయు చిత్రవిద్య
పూర్వచిత్రకారుని పటమొకటి యెదుట నిలుపుకొని, దానిని మరల వ్రాసి నేర్చుకొనుట అల్పవిద్య యని తలచువారు, 1823లో ఆంగ్లచిత్రకారుడగు జాన్ కానిస్టబుల్, అప్పటికే నలువదియేడేండ్ల ప్రౌఢుడై యుండియు, కోలోర్టన్‌లోని సర్ జార్జి బోమంట్ గృహమున క్లోడ్ లొరేన్ వ్రాసిన మేకలకాపరి దృశ్యమును పరమశ్రద్ధతో ప్రతి చేసిన వృత్తాంతమును స్మరింపవలెను. ఆ ప్రతి నేడు సిడ్నీ చిత్రశాలలో నున్నది.

అట్టి దృశ్యమును వ్రాయుటలో మిక్కిలి దుష్కరమైనది వాయుమండలము. దూరపు కొండలు నీలిమలో కరగి వాని యంచులు మెత్తబడునట్లును, ముందరి తరుచ్ఛాయలు చిక్కనై వెచ్చని వన్నె దాల్చునట్లును, ఏ వర్ణమున తెలుపెంత కలుపవలెనో, కలుపుట యెచ్చట నాపవలెనో, ఎన్ని గ్రంథములు చదివినను తెలియదు. కుంచె పట్టిన చేతికే క్రమముగా తెలియును. పలుచని నూనెరంగు పూత యొకటి యారిన పిమ్మటనే వేరొకటి వేయవలెను గాన, ఈ విద్యకు ఓర్పు ప్రాణము.

ఇక మానవాకృతి! గోరంత కాపరిని చెట్టునీడను నిలిపినంతనే ఆ వృక్షమెంత యున్నతమో, పైని యాకాశమెంత విశాలమో కంటికి గోచరించును. ఆతని నొకింత పెద్దగా వ్రాసితిమా, కొండలన్నియు గుట్టలై పోవును. ఆకులన్నియు లెక్కతప్పక వ్రాసిన విద్యార్థికంటె, ఆ చిన్ని యాకృతిని తగిన పరిమాణమున, తగిన తావున నిలుపగలిగినవానినే నేను ఎక్కువగా మెచ్చుకొందును.