డచ్ వైద్య సమాసాలు: అక్షర విభజన, అర్థ విభజన

పరిభాషా నిర్మాణం చర్చకు వచ్చినప్పుడల్లా డచ్ భాషను ఆదర్శంగా చూపే వాదం ఒకటుంది. డచ్ వారు గ్రీకు, లాటిన్ పదాలతో పాటు ఇంటి మాటలను జోడించి కూడా వైద్య పదాలు చేసుకున్నారు గనుక, పదాన్ని విడదీయగానే రోగికి అర్థం తెలిసిపోతుందని ఆ వాద సారాంశం. ఇందులో సగం సత్యముంది. మిగిలిన సగాన్ని పరీక్షించడం మా ఉద్దేశం.

'లొంగ్' అంటే ఊపిరితిత్తి, 'ఒంట్‌స్టేకింగ్' అంటే శోథ. రెండూ కలిస్తే న్యుమోనియా. 'ఓఖ్' అంటే కన్ను, 'ఆర్ట్స్' అంటే వైద్యుడు. డచ్‌లో రెండచ్చుల నడుమ ఉన్న ఒంటి హల్లు సాధారణంగా తర్వాతి అక్షరంలో చేరుతుంది. సమాసపు హద్దు దగ్గర ఆ సూత్రం ఆగిపోతుంది. కనుక కంటివైద్యుడు 'ఓఖ్-ఆర్ట్స్' అవుతాడు గాని 'ఓ-ఖార్ట్స్' కాడు. సమాసంలోని అంగాలు వేర్వేరు ధ్వనిపదాలుగా నిలుస్తాయని ఖేర్ట్ బోయ్ 1995లో వెలువడిన తన డచ్ ధ్వనిశాస్త్ర గ్రంథంలో వివరించారు. మన 'మూత్రాశయం' ఇందుకు భిన్నం. మూత్ర, ఆశయ పదాల హద్దును సంధి 'త్రా' అనే ఒక్క అక్షరంలో కలిపివేసింది.

అయితే అక్షరాలు విడదీసినంత మాత్రాన అర్థం విడిపడదు. డచ్ వారు సరదాగా చెప్పుకొనే ఉదాహరణ ఒకటుంది. ఒకే వర్ణక్రమం 'మసాజె-బెట్' అని చదివితే మర్దన మంచం, 'మసా-ఖెబెట్' అని చదివితే సామూహిక ప్రార్థన. రాతలో రెండింటి అక్షర విభజనా ఒకటే.

'బ్లిండెదార్మ్‌ఒంట్‌స్టేకింగ్' మరింత ఆలోచింపజేస్తుంది. అక్షరాలు ఆరు, అంగాలు మూడు: గుడ్డి, పేగు, శోథ. ముందు 'గుడ్డిపేగు' ఏర్పడి, తర్వాత శోథ చేరిందన్న క్రమం తెలియకపోతే 'గుడ్డిదైన పేగుశోథ' అన్న విపరీతార్థం వస్తుంది. క్రమం తెలిసినా చిక్కు తీరదు. వాచేది గుడ్డిపేగు కాదు, దానికి వేలాడే చిన్న తోక. మన 'ఉండుకపుచ్ఛం' ఆ తోకను సరిగానే చెబుతుంది గాని, రోగికి అది కొరుకుడు పడదు. ఒక పదం సులభమై పొరబడింది; మరొకటి సరియై దూరమైంది.

మధుమేహానికి డచ్ జనవ్యవహారంలో 'సౌకర్‌జీక్తె' అన్న పేరుంది. అంటే చక్కెర జబ్బు. మన 'చక్కెర వ్యాధి'కి ఇది సాటి. పంచదార మానేస్తే చాలు, మందు అక్కరలేదనుకునే రోగిని ఈ పారదర్శకతే తప్పుదారి పట్టించవచ్చు.

కనుక దేశి సమాసమా, సంస్కృత సమాసమా అన్నది అసలు ప్రశ్న కాదని మా అభిప్రాయం. పదం విన్న రోగి దాన్ని ఎక్కడ విరుస్తాడు, విరిచి ఏమనుకుంటాడు? పరిభాషా సంఘాలు పండితుల ఆమోదానికి ముందు ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతకాలి. ఇంట్లో ఒక భాష, ఆసుపత్రిలో మరొక భాష వినే మా ప్రాంతాల తెలుగువారికి ఆ జవాబు మరీ అవసరం.