తోలు సీటు పనితనం

సైకిల్‌కి మెత్తటి సీటే సుఖమనుకుంటాం గానీ, గంట తొక్కేసరికి లోపలి ఫోమ్ అణిగి తొడల మధ్య ఒత్తుకుంటుంది. బరువు మోయాల్సింది పిరుదుల కింది రెండు ఎముకలు. 1866లో బర్మింగ్‌హామ్‌లో మొదలైన బ్రూక్స్ కంపెనీ వాళ్ల తోలు సీట్లలో దిండే ఉండదు. దళసరి తోలును ముందూ వెనకా ఇనుప చట్రానికి లాగి బిగిస్తారు, అంతే. మేలురకాలకు రాగి రివెట్లను చేత్తోనే సుత్తి పట్టి కొడతారు. నాకు ముచ్చటేసేది ఆ పనే! దెబ్బ దెబ్బకీ రివెట్ తల పరుచుకుని తోలులోకి దిగుతుంది. ఏమాత్రం పైకి లేచినా ప్యాంటు చిరుగుతుంది మరి. కొత్తలో చెక్కలా గట్టిగానే ఉంటుంది. వందల కిలోమీటర్లు తొక్కాక, సరిగ్గా తొక్కే మనిషి ఎముకలు ఆనే చోటే తోలు లొంగుతుంది. సాగిందా, ముక్కు కింది బోల్టును కాస్త తిప్పితే చాలు. వానొస్తే మాత్రం పైన ప్లాస్టిక్ సంచి తొడగండి. నానిన తోలు మీద కూర్చుంటే అది కుంగిపోతుంది.