వేరుశనగ నూనె కలిసిన మైనం

ఫైబర్‌గ్లాస్ అచ్చు పనిలో అడుగడుగునా మైనం కావాలి. నమూనా చుట్టూ సందులు పూడ్చడానికీ, మూలలు నున్నగా తీర్చడానికీ, వస్తువు అచ్చుకు అంటుకోకుండా ఊడిరావడానికీ అదే ఆధారం. దీనికోసమే తయారైన ప్రత్యేక మైనాల ధర చిన్న పనివాళ్ళకు మోయలేని భారం. అనంతపురంలాంటి కరువు సీమలో షెడ్డు వేసుకుని బతికేవాళ్ళకైతే మరీను. కానీ పనికి తగ్గట్టు మైనాన్ని కూర్చుకునే విద్య మనకు తరతరాలుగా ఉంది.

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా ఉషేగావ్‌లో ఓజా కళాకారులు డోక్రా బొమ్మలు పోస్తారు. మట్టి ముద్ద మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్ళీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగిపోయిన చోటికి ఇత్తడి చేరుతుంది. ఈ ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తమిళనాడులోని స్వామిమలై స్థపతులు విగ్రహాల కోసం తేనె మైనంలో గుగ్గిలం, వేరుశనగ నూనె కలుపుతారు. ఆ నూనె గింజ అనంతపురం ఎర్రనేలల ప్రధాన పంట!

మైనం, గుగ్గిలం, నూనె: ఈ మూడింటి పొత్తులోనే అసలు నేర్పు ఉంది. తేనె మైనం 62–64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కానీ అంతకు చాలా ముందే మెత్తబడి చేతికి లొంగిపోతుంది. గుగ్గిలం దానికి బిగువునిస్తుంది. అది ఎక్కువైతే మిశ్రమం పెళుసెక్కి విరుగుతుంది. అప్పుడు కాస్త నూనె పడితే మళ్ళీ సాగుతుంది. ఎండ నలభై డిగ్రీలు దాటే మన వేసవిలో గుగ్గిలం పెంచి నూనె తగ్గించాలి, చలికాలంలో తిరగేయాలి. ఏ డబ్బా మీదా ముద్రించలేని లెక్క ఇది. సన్నగా తీసిన తీగను వంచి చూస్తే పాళ్ళు కుదిరాయో లేదో తెలిసిపోతుంది. మైనాన్ని నేరుగా మంట మీద కాకుండా వేడినీళ్ళ గిన్నెలో కరిగించి, గుడ్డలో వడగట్టుకోవాలి.

మైనపు లెక్కలు మనకు కొత్త కాదు. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు కూర్చిన మానసోల్లాసం అనే గ్రంథం మైనపు నమూనాను తూచి, పోయాల్సిన లోహం ఎంతో తేల్చమంటుంది. ఇత్తడి సాంద్రత మైనానికి దాదాపు తొమ్మిది రెట్లు కనుక ఆ పద్ధతి నేటికీ చెల్లుతుంది.

ఫైబర్ పనిలో మాత్రం కొంత మార్పు తప్పదు. పాలియెస్టర్ రెజిన్‌లోని స్టైరీన్ మైనాన్నీ గుగ్గిలాన్నీ మెత్తబరుస్తుంది. రెజిన్ గట్టిపడేటప్పుడు పుట్టే వేడి దానికి తోడవుతుంది. అందుకే ఈ మిశ్రమాన్ని సందులకూ మూలలకూ వాడి, దానిపై పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) ద్రావణం పలచగా పూసి ఆరబెట్టాలి. నూనె పైకి ఊరితే తర్వాత రంగు పట్టదు కాబట్టి ఇక్కడ దాన్ని వీలైనంత తగ్గించాలి. అంటుకోకుండా రాసే పూతకు నూనె, గుగ్గిలం అసలు వద్దు. పొయ్యికి దూరంగా, టర్పెంటైన్‌లో కరిగించిన తేనె మైనాన్ని పలచగా పట్టించి, ఆరాక మెత్తటి గుడ్డతో రుద్ది, అలా కొన్ని పూతలు వేసి, దీనిపైనా పీవీఏ పూయాలి. ముందుగా పనికిరాని ముక్క మీద పరీక్షించాలి.

గుగ్గిలం విషయంలో ఒక జాగ్రత్త. శేషాచలం కొండల్లో పెరిగే తంబ చెట్టు కూడా గుగ్గిలం ఇస్తుంది, కానీ అది అంతరించే ముప్పులో ఉంది. దాని బెరడుకు గాటు పెట్టొద్దు. ఉత్తరాది అడవుల సాల గుగ్గిలం పచారీ కొట్లలో దొరుకుతుంది, దాన్నే దంచి వాడుకోండి.