553వ పేజీ

వినుకొండ వైపు నుంచి ఒక బడి పంతులుగారు ఈ వారం ఫోన్ చేశారు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ గురించి పిల్లలకు పాఠం చెప్పాలట. మన దిక్కున దాని వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు సంగతి మొదట ఎక్కడ అచ్చయిందని అడిగారు. ఈ శీర్షిక రాసేవాడికి ఆ జవాబు నోటికి వచ్చు: ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్, 1937, 25వ సంపుటం, 553వ పేజీ. ఎందుకైనా మంచిదని ఆ పత్రిక కొత్త సంచిక తిరగేస్తే ప్రచురణకర్త పేరు మారి ఉంది. వోల్టర్స్ క్లూవర్ వారి మెడ్‌నో స్థానంలో సైంటిఫిక్ స్కాలర్ వచ్చింది. 2024లోనే మారినా కంటపడింది ఇప్పుడే.

మనసు చివుక్కుమంది.

1913లో పుట్టిన పత్రిక అది. ఇప్పుడు భారత వైద్య పరిశోధనా మండలిది. దాన్ని ఒక కంపెనీ చేతిలోంచి ఇంకో కంపెనీ చేతిలో పెట్టడమేమిటి? ఏ మాట రాసినా అది ఎక్కడ దొరుకుతుందో సంపుటం, పేజీతో సహా చెప్పాలని ఈ శీర్షిక ఎన్నిసార్లు పట్టుబట్టిందో పాత పాఠకులకు తెలుసు. ఇల్లు మారే పత్రికల్లో ఆ ఆనవాళ్లు చెరిగిపోతాయేమోనన్న భయం కూడా పాతదే.

ఇంతకీ ఆ 553వ పేజీలో ఏముంది? షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, మన్నాడి నాయర్ అనే నలుగురు నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల మనుషుల గురించి రాసిన వ్యాసం. వెన్ను కొయ్యబారి, మెడ తిప్పలేక, పక్కన ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూడాల్సిన మనుషులు. బార్నార్డ్ మద్రాసులో ఎక్స్‌రే నిపుణుడు. ఆ ఎముకలు ఎంత గట్టిపడ్డాయో ఫిల్ము మీద కనిపించింది. కారణం తాగే నీళ్లు. అయితే డాక్టర్ల కంటే ముందే రైతులు దీన్ని పసిగట్టారు. కాడి కింద కట్టిన ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి అడుగు వేయలేకపోవడం వాళ్లు చూశారు.

వినుకొండ నుంచి కురిచేడు దాటితే దర్శి. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్ అయింది, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి అవి అందులో చేరాయి. 2022 ఏప్రిల్ 4న వినుకొండ కూడా గుంటూరు జిల్లాను వదిలి పల్నాడుకు వచ్చింది. ఊళ్ల చిరునామాలు ఇన్ని మారినా గ్రానైటు రాళ్ల మధ్య ఊరే నీరు మాత్రం మారలేదు.

మాచర్ల దాటి కృష్ణకు అవతల నల్లగొండ. అక్కడి ఫ్లోరోసిస్ మీద సిద్దిఖీ వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఫ్లోరైడ్ ఊళ్లలో మోకాళ్లు లోపలికి వంకరపోవడం గురించి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో లాన్సెట్‌లో రాశారు. ఆ లాన్సెట్‌ను 1991లో ఎల్సెవియర్ కొనేసింది. ఆ అమ్మకంతో యాజమాన్యమే చేయి మారింది.

ఈ రెండు మార్పులనూ పక్కపక్కన పెట్టి చూస్తే చివుక్కుమన్న మనసు కాస్త కుదుటపడింది. లాన్సెట్‌ది అమ్మకం. మన పత్రికది కౌలు. పొలం మండలిదే, పాసుపుస్తకంలో పేరు మారలేదు, దున్నేవాడు మారాడంతే. చదివేవాళ్లు పైసా కట్టనక్కర్లేదు. వ్యాసాలకు శాశ్వత గుర్తుగా ఇచ్చే డీఓఐ అంకె కొత్తవాటికి 10.25259తో మొదలవుతోంది. మెడ్‌నో కాలపు వ్యాసాలకు పాత 10.4103 అలాగే ఉంటుంది. ప్రచురణకర్త మారినప్పుడు ఆ అంకె వెనకున్న దారిని కొత్త ఇంటికి తిప్పుతారు, అంకెను ముట్టుకోరు. సంపుటం, పేజీ చేసిన పనినే ఇది ఇంకో రకంగా చేస్తోంది.

ఇదంతా ఫోన్‌లో చెబితే పంతులుగారు ఓపిగ్గా విని ఒక్కటే అడిగారు: “అది తెలుగులో దొరుకుద్దా సార్?”

వ్యాసం ఇంగ్లిషులో ఉంది. ఎవరి వెన్నెముకల గురించి రాశారో వాళ్ల మాట తెలుగు. 1937లో మొదటిసారి అచ్చేసిన రోజున కూడా ఆ పత్రిక దర్శి రైతు చేతికి అందేలా లేదు. ఏ కంపెనీ అచ్చేస్తోందన్న చింత ఆ ప్రశ్న ముందు చాలా చిన్నదైపోయింది.

ఇప్పుడు పంతులుగారూ ఈ శీర్షిక రాసేవాడూ కలిసి పిల్లల కోసం తెలుగులో రెండు పేజీలు రాస్తున్నారు. నడవలేని ఎద్దులతో మొదలుపెట్టారు. పళ్ల మీద గారలు, బిగిసిన వెన్ను, లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాముకు మించకూడదన్న ప్రమాణం, బోరు నీటిని పరీక్ష చేయించే పద్ధతి అందులో ఉంటాయి. అడుగున మూల వ్యాసం రాసిన నలుగురి పేర్లు, పత్రిక పేరు, 1937, 25వ సంపుటం, 553వ పేజీ అని వేశారు. ప్రచురణకర్త పేరు వేయలేదు.